చౌక సీసా వచ్చాక: ఇల్లందు కల్లు మండువ నేర్పిన పాఠాలు

మా వాడకట్టులో చిన్న దుకాణాలు పెట్టుకున్న పిల్లలు నా దగ్గర కూర్చున్నప్పుడల్లా ఒకే భయం బయటపెడతారు. "పెద్ద కంపెనీ బజార్లు ఖమ్మం దాకా వచ్చినయి. రేపు ఇల్లందుకూ వస్తయి, మాకంటే చౌకగా అమ్ముతయి. అప్పుడు మేమెట్ల బతకాలె పెదనాయనా?" అంటారు. ఆ భయంతో నేను బతుకంతా కాపురం చేశాను. మా నాయన తాళ్లెక్కేవాడు, మా అమ్మ మండువలో కల్లు పోసేది. వాళ్ల తర్వాత నేనూ నా భార్యా అదే పని పట్టుకున్నాం. మాకంటే చౌకగా, మాకంటే ఘాటుగా, పొద్దు పొడిచింది మొదలు రాత్రి దాకా పోసే కొట్లు మా ముందరే ఒకటొకటిగా వచ్చాయి. మండువలు పోయాయి, తాటివనాలు పోయాయి, గీసేవాళ్లు పోయారు. ఎందుకు పోయారో, ఏది పోకుండా కాపాడుకోవచ్చో నాకు తెలిసినంత చెబుతాను.

తాగుడును మెచ్చుకోవడానికి ఇది రాయడం లేదు. తాగి కూలిన ఇల్లు ఎట్లా ఉంటుందో కల్లు పోసినవాళ్లకు తెలిసినంత పక్కింటివాళ్లకు కూడా తెలియదు. అయినా, తాగేవాడు తాగుతూనే ఉన్న ఊళ్లో ఎవరు పోస్తున్నారు, ఎక్కడ కూర్చోబెట్టి పోస్తున్నారు అన్నది చిన్న సంగతి కాదని నా నమ్మకం. తాగించేవాడికి తాగేవాడి ఇల్లు తెలిసి ఉండాలి. చౌక సీసా మా దగ్గర్నుంచి ముందుగా పట్టుకుపోయింది అదే.

1. నీ సరుకు ఎంతదూరం పోగలదో ముందు చూసుకో.

తాటికల్లు లొట్టిలో పడ్డప్పటినుంచే పులియడం మొదలవుతుంది. తెల్లవారి దించింది తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేసరికి నురగ పొంగుతుంది. సాయంత్రానికి పులుస్తుంది, మర్నాటికి నోట పెట్టలేం. లొట్టి లోపల సున్నం పూస్తే పులవకుండా నీరాగా దిగుతుంది గానీ, దాన్నీ చల్లగా ఉంచకపోతే ఎక్కువసేపు నిలవదు. రోజుకు రెండు మూడుసార్లు మోకు, ముస్తాదు కట్టుకుని ఎక్కాలి. గెలను గోరంత మందాన గీయాలి. నాలుగు రోజులు మానితే గెల ఎండుతుంది, ఆ చెట్టు ఆ కారుకు పోయినట్టే. తాడి గీతకు రావడానికే పదిహేనేళ్ల పైమాట. అందుకే గీసేవాడు చెట్టును విడిచి ఎటూ పోలేడు, కల్లు ఊరును విడిచి ఎటూ పోలేదు. గుండాల అడవి అంచున దించిన కల్లును ఖమ్మంలో అమ్ముకుందామంటే తోవలోనే దాని రుచి మారిపోతుంది.

సీసా మందుకు ఆ బాధ లేదు. ఏడాదైనా చెడదు. ఒకచోట తయారుచేసి, డిపోలో దింపి, వెయ్యి ఊళ్లకు ఒకే రంగులో, ఒకే రుచిలో, ఒకే ధరకు పంపొచ్చు. వంద కొట్లున్న కంపెనీతో ఒక్క కొట్టువాడు పోటీ పడేటప్పుడు మొదట అడగాల్సింది ధర గురించి కాదు. నీ సరుకు నిలవ ఉంటుందా ఉండదా అన్నది చూసుకోవాలి. నిలవ ఉండే సరుకులో పెద్దవాడిని గెలవలేం. నిలవ ఉండనిదాన్ని పట్టుకుంటే పెద్దవాడు దాని జోలికి రావడానికి వెనకాడతాడు.

2. చౌక సరుకు తెచ్చేవాడు ఎప్పుడూ షావుకారే అనుకోవద్దు.

మాది బొగ్గు ఊరు. 1871లో భూగర్భ శాఖ నుంచి వచ్చిన విలియం కింగ్ ఇక్కడ బొగ్గు చూశాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ హక్కులు పొందింది, 1889లో తవ్వకం మొదలైంది, 1920లో ఆ కంపెనీయే సింగరేణి కాలరీస్‌గా మారింది. ఎక్కడెక్కడినుంచో మనుషులొచ్చి కూలీ లైన్లలో దిగారు. నేల కింద ఎనిమిది గంటలు దుమ్ము మింగి పైకి వచ్చినవాడికి గొంతు తడుపుకోవాలనిపిస్తుంది. ఆ దాహం మీద ఎన్ని కళ్లు పడ్డాయో ఈ ఊరి చరిత్రలో పెద్దగా రాయలేదు.

నిజాం కాలంలో కల్లు, సారా హక్కులను కాంట్రాక్టర్లు వేలంలో పాడుకునేవాళ్లు. చెట్టెక్కేవాడు వాళ్ల కింద కూలీ. గీసేవాడికే చెట్టు మీద హక్కుండాలని బొమ్మగాని ధర్మభిక్షం లాంటివాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడితేనే గీత సహకార సంఘాలు నిలిచాయి. చెట్టు గీసేవాడి పేరునే లైసెన్సు వచ్చింది. మా నాయన ఆ కాగితాన్ని పెట్టెలో పట్టుబట్టల కింద దాచుకునేవాడు.

ఆ హక్కు చేతికొచ్చి మేం ఊపిరి పీల్చుకుంటుండగానే ప్యాకెట్ వచ్చింది. 1980ల నడుమ సర్కారే సారాను పాలిథిన్ ప్యాకెట్లలో నింపి 'వారుణి వాహిని' పేరుతో పంపింది. నా లెక్కలో మా ప్రాంతానికొచ్చిన మొదటి చౌక గొలుసు దుకాణం అదే. ఊరూరా ఒకే ప్యాకెట్, ఒకే కొలత. రొండిన దోపుకుని పోవచ్చు. కూర్చోనక్కర్లేదు, ఎవరితో మాట్లాడనక్కర్లేదు, పంటితో కొరికి నోట్లో పిండుకుంటే అయిపోయింది. మండువకొచ్చి గంటసేపు కూర్చునే కార్మికుడు షిఫ్టు దిగి ఇంటికి పోయే దారిలోనే పని ముగించుకునేవాడు. మా అమ్మ గమనించి చెప్పిన మాట ఒకటుంది: ఇదివరకు తాగి ఇంటికొచ్చేవాడు కాస్త తేలిపోయి వచ్చేవాడు, ఇప్పుడు తాగినది ఇంటికొచ్చాక ఎక్కుతోంది అని. దెబ్బలు తినే ఆడవాళ్లకు ఆ తేడా ఒంటి మీద తెలిసింది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. అక్షరదీపం చదువుల్లో మొదలైన ఆ మంట రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. వాళ్లకు నేను చేతులెత్తి మొక్కుతాను. మా వ్యాపారం పెరుగుతుందని కాదు, ఆ ప్యాకెట్ మా లైన్లలో చేసింది చూశాను కాబట్టి.

3. ధర లెక్క గిరాకీ వేసుకున్నట్టు వేసి చూడు.

మా వాళ్లు ఏళ్ల తరబడి ఒక లెక్క తప్పుగా వేశారు. కల్లు సీసా ఇంత, క్వార్టర్ అంత, మనదే చౌక కదా, అయినా జనం అటెందుకు పోతున్నారు అని తలలు పట్టుకున్నారు. తాగేవాడు వేసే లెక్క వేరే. విస్కీ, బ్రాందీ సీసాల మీద రాసి ఉంటుంది, ఆల్కహాలు 42.8 శాతం అని. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో 77 మిల్లీలీటర్ల ఆల్కహాలు ఉంటుంది. మంచి కల్లులో 4, 5 శాతానికి మించి ఉండదు. 650 మిల్లీలీటర్ల బీరుసీసా నిండా కల్లు పోసినా 30 మిల్లీలీటర్ల చుట్టూనే. ఒక్క క్వార్టర్ రెండున్నర సీసాల కల్లుతో సమానం. కైపు కోసం వచ్చినవాడు ఆ రెండున్నర సీసాల ధరతో పోల్చుకుంటాడు, వాటిని తాగడానికి పట్టే పొద్దునూ లెక్కేస్తాడు.

ఆ లెక్కలో మేం గెలవలేం. గెలవాలని చూసినవాళ్లు ఏమయ్యారో తర్వాత చెబుతాను. ధర అన్నది మన చేతిలో లేనిది కూడా. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో కొత్త పాలసీ వచ్చి 99 రూపాయలకే క్వార్టర్ అన్నారు. భద్రాచలం దాటి నాలుగడుగులేస్తే ఎటపాక, అది ఆంధ్ర. పైనున్నవాళ్లు ఒక్క సంతకంతో ధర దించగలిగినప్పుడు చెట్టెక్కేవాడు ఎంతని దించుతాడు?

మండువకొచ్చేవాళ్లలో కైపు కోసమే కాకుండా వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. ఒంటికి చలవని, తోటివాళ్లతో మాట కోసమని, ముత్యాలమ్మకు సాక పోయడానికని. వాళ్లెందరో లెక్క తెలిసుంటే చాలా మండువలు బతికేవి.

4. రెండేళ్లకోసారి ఓనరు మారే కొట్టుకు జ్ఞాపకం ఉండదు.

వైన్స్ మీద ఎవరి పేరున్నా లోపలి సరుకంతా సర్కారు బెవరేజెస్ కార్పొరేషన్ డిపోదే. తెలంగాణలో 2,620 దుకాణాలు. రెండేళ్లకోసారి లాటరీ తీస్తారు. 2023లో దరఖాస్తుకు 2 లక్షలు, అవి తిరిగి రావు. అయినా 1 లక్షా 31 వేలకు పైగా దరఖాస్తులు పడ్డాయి, వాటిమీదే 2,600 కోట్లు దాటి వచ్చాయి. 2025లో ఆ రుసుము 3 లక్షలైంది. అంత పెట్టి అదృష్టంతో దుకాణం దక్కించుకున్నవాడు రెండేళ్లలో పెట్టుబడి, లాభం రెండూ రాబట్టుకోవాలి. వాడిని చెడ్డవాడని నేననను. పద్ధతి వాడినట్లా నడిపిస్తుంది. కౌంటరు ఇనుప జాలీలోంచి చెయ్యి వస్తుంది, డబ్బు పోతుంది, సీసా వస్తుంది. ఆ చెయ్యి ఎవరిదో చూడాల్సిన పని వాడికి లేదు.

మా అమ్మకు పని ఉండేది. ఎవరికి జీతం ఎప్పుడొస్తుందో, ఎవరి బిడ్డ పెళ్లి దగ్గరపడిందో, ఎవరికి కామెర్లొచ్చి తగ్గాయో ఆమెకు తెలుసు. "నీకింక చాలయ్యా, లే, మీ ఇంటామె చూస్తుంటది" అని లొట్టి పక్కకు జరిపేది. వాడు తిట్టుకుంటూ లేచేవాడు, మర్నాడు మళ్లీ వచ్చేవాడు. ఆమె దయామయి కాబట్టి చేసిందని నేను చెప్పను. వాడి పెళ్లాం మా వీధి పంపు దగ్గరే నీళ్లు పట్టుకునేది. అమ్మ ఆమె మొహం చూడాలి కదా. ఒకే వీధిలో బతకాల్సి రావడం వల్ల వచ్చిన అదుపు అది. ఏ ఎక్సైజు రూలూ దాన్ని తేలేకపోయింది.

2021లో మద్యం దుకాణాల్లో గౌడలకు 15 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం కేటాయించారు. మంచిదే, మావాళ్లు కొందరు దుకాణదారులయ్యారు. కానీ గౌడ పేరున్న వైన్స్‌లో అమ్ముడయ్యేది కూడా అదే డిపో సీసా. దానివల్ల ఒక్క తాటిచెట్టుకూ మోకు పడలేదు.

5. పోటీదారుణ్ని తిట్టే ముందు నీ గిరాకీలు ఊళ్లో ఉన్నారో లేదో చూడు.

1990ల మొదట్లో సింగరేణి మొత్తంలో లక్షకు పైగా కార్మికులుండేవాళ్లు. ఇప్పుడు 40 వేల చుట్టూ ఉన్నారు. ఇల్లందులో భూగర్భ గనులు మూతపడుతూ వచ్చాయి, ఓపెన్‌కాస్టులు మిగిలాయి. వెయ్యిమంది తట్టా చెమ్మాసుతో ఎత్తిన బొగ్గును ఇప్పుడు నాలుగు యంత్రాలు ఎత్తుతున్నాయి. లైన్లు ఖాళీ అయ్యాయి. పెన్షన్ తీసుకున్నవాళ్లు పిల్లల దగ్గరికి పోయారు. మండువలో బల్లలు ఖాళీ అవుతుంటే మావాళ్లు వైన్స్ వైపు వేలు చూపించారు. సగం నిజమే. మిగతా సగం, ఆ బల్లల మీద కూర్చునే మనుషులు ఊళ్లోనే లేకపోవడం.

ఇది చెప్పడానికి కారణముంది. శత్రువును ఒక్కణ్నే చూసుకున్నవాడు ఆ ఒక్కడితోనే కొట్లాడి అలిసిపోతాడు. ఊరే చిన్నదైపోతున్నప్పుడు ధర తగ్గించినా, బోర్డు పెద్దది చేసినా ఫలితముండదు.

6. ఘాటులో పోటీకి దిగిననాడే కల్లు ఓడిపోయింది.

ఈ పాఠం దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మా కులవృత్తిని బయటివాడు చంపాడన్న మాట నేనొప్పుకోను. బయటివాడు గాయం చేశాడు. విషం లోపలివాళ్లు పోశారు.

సీసాతో సమానంగా కైపెక్కాలని కొందరు కల్లులో క్లోరల్ హైడ్రేట్ కలిపారు. తర్వాత డైజిపాం, ఆల్ప్రజోలం కలిపారు. చెట్లు లేని పట్నాల్లో సైతం వేల సీసాల కల్లు అమ్ముడవుతోందంటే అది ఏ చెట్టు నుంచి దిగిందో అడగాల్సిన పని లేదు. నీళ్లు, శాకరిన్, తెల్ల పొడి. తాగినవాడు మత్తులో పడి ఉంటాడు, మర్నాడు అది లేకపోతే చేతులు వణుకుతాయి. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు తనిఖీలు గట్టిగా జరిగి ఆ పొడి ఆగేసరికి జనం ఫిట్స్ వచ్చి, పిచ్చిచూపులు చూస్తూ ఆసుపత్రుల పాలయ్యారు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి ప్రాణాలే పోయాయి. పేపర్లో ఆ వార్త చదివిన రోజు మా సంఘం పెద్దలెవరికీ అన్నం సయించలేదు.

మా ఇల్లందు చుట్టుపక్కల చెట్లున్నాయి కాబట్టి ఆ రోగం పట్నమంత పాకలేదు. అయినా ఒకడు ఆ పొడి పొట్లం పట్టుకుని మా గుమ్మంలోకొచ్చాడు. "నీ కల్లు చప్పగా ఉందని పక్క మండువకు పోతున్నారు, చిటికెడు చాలు" అన్నాడు. నా భార్య వాడి పొట్లం తీసుకుని కుడితి గోలెంలో వేయబోయి, బర్రె తాగుతుందని ఆగి, మోరీలో పారబోసింది. మా గిరాకీలు కొందరు నిజంగానే పోయారు. పోయినవాళ్లు చాలామంది తిరిగి రాలేదు. మాకు తగ్గింది తగ్గిందే. ఆ నష్టానికి నేనెప్పుడూ బాధపడలేదు.

దుకాణం పెట్టుకున్న ప్రతి పిల్లవాడికీ ఇదే చెబుతాను. పెద్దవాడు తన బలంతో నీ మీదికొస్తాడు. వాడి బలాన్ని నువ్వు కల్తీతో అందుకోవాలని చూస్తే, వాడు నీ కొట్టును మూయించేదాకా ఆగనక్కర్లేదు. మంచిగా చేసుకునేవాళ్ల పేరు కూడా కల్తీవాడితో పాటే పోతుంది. ఈరోజు కల్లు అనగానే పట్నం పిల్లలకు పొడే గుర్తొస్తోంది. చెట్టు గుర్తు రావడం లేదు.

7. పాత చోటును దేవాలయం చేసి చెప్పొద్దు.

మండువ అంటే అందరూ అన్నదమ్ముల్లా కూర్చున్న చోటని ఇప్పుడు కొందరు రాస్తున్నారు. అది పూర్తి నిజం కాదు. నా చిన్నతనంలో దళితులు దూరంగా కూర్చుని తాటాకు రేక పట్టేవాళ్లు, పైనుంచి పోసేవాళ్లు. అది కళ్లారా చూశాను. సంఘాలు బలపడి, గనిలో అన్ని కులాలవాళ్లూ ఒకే తట్ట మోసిన తర్వాతే మా మండువలో అందరి చేతికీ ఒకటే గ్లాసు వచ్చింది.

ఆ తర్వాత మాత్రం అది మంచి చోటే అయింది. షిఫ్టు మస్టర్లు, యూనియన్ ఎన్నికలు, ఎవరింటికి సంబంధం చూడాలి, ఎవరి గోడు ఆఫీసులో ఎవరు చెప్పాలి, అన్నీ అక్కడే తేలేవి. ఉడకబెట్టిన బొబ్బెర గుడాలు, ఎండుచేపలు, బోటీ అమ్ముకుని నలుగురు ఆడవాళ్లు పిల్లల్ని చదివించారు. అంగడి రోజున కోయ ముసలమ్మలు మొగవాళ్ల పక్కనే దర్జాగా కూర్చుని తాగేవాళ్లు, వాళ్లను ఎవరూ వింతగా చూసేవాళ్లు కాదు. వైన్స్ పక్కనుండే పర్మిట్ రూంలో ఆడమనిషి కూర్చోవడం నేనింతవరకు చూడలేదు. అక్కడ పొగ, ప్లాస్టిక్ గ్లాసులు, త్వరగా ముగించి లేవాలన్న తొందర తప్ప మాటకు చోటు లేదు.

8. గొలుసు దుకాణం ఒక్కోసారి నీ కొట్టును మూయదు, తన కొట్టుగా మార్చుకుంటుంది.

టేకులపల్లి, గుండాల, ఆళ్లపల్లి మండలాల లోపలి ఊళ్లలో ఇది చూడొచ్చు. వైన్స్ అక్కడ ఉండదు. ఉప్పు, పప్పు అమ్మే కిరాణా కొట్టువాడే పది సీసాలు తెచ్చి ఫ్రిజ్‌లో పెడతాడు, మీద పదో ఇరవయ్యో వేసుకుని అమ్ముతాడు. అదే బెల్టుషాపు. పత్తి అమ్మాక ఇస్తాననే వాడికి అప్పుగా కూడా ఇస్తాడు. ఊరికి కావాల్సిన కొట్టు బతికే ఉంటుంది, కానీ దాని పని మారిపోతుంది. పసిపిల్ల బిస్కెట్ ప్యాకెట్ కోసం వచ్చి ఆ సీసాల ముందు నిలబడుతుంది.

కోయగూడేల్లో ఇప్పపూవుకు ఒక కాలముంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున ఆడవాళ్లు, పిల్లలు ఏరుకొస్తారు. కొంత తింటారు, కొంత అమ్ముతారు, కొంత పండుగలకు, పెళ్లిళ్లకు సారా కాస్తారు. కాలం అయిపోతే అదీ అయిపోతుంది. సీసాకు కాలం లేదు. పండుగనాడు తాగేవాడు రోజూ తాగేవాడయ్యాడు, నా మాట నమ్మకపోతే ఏ గూడెంలోనైనా ఆడవాళ్లను అడగండి.

ఇక్కడ ఒక ఆయుధం ఉంది, దాన్ని వాడుకునేవాళ్లు తక్కువ. 1996 పెసా చట్టం ఏజెన్సీ గ్రామసభకు మత్తుపదార్థాల అమ్మకాన్ని నిషేధించే, అదుపుచేసే అధికారమిచ్చింది. ఇల్లందు పట్టణం మున్సిపాలిటీ కాబట్టి మాకు ఆ గ్రామసభ లేదు. చుట్టూ ఉన్న ఊళ్లకు ఉంది. తీర్మానం కాగితం మీద రాసి, సంతకాలు పెట్టించి, నకలు దగ్గర ఉంచుకోండి. నోటిమాట తీర్మానాన్ని ఎవరూ లెక్కచేయరు.

9. సర్కారు తాళం వేస్తే నీ కొట్టు బాగుపడుతుందని కూర్చోకు.

1995 జనవరి నుంచి 1997 దాకా సంపూర్ణ మద్యనిషేధం నడిచింది. కల్లును మాత్రం ఆపలేదు కాబట్టి మా బల్లలు నిండాయి. మావాళ్లు కొందరు ఇక మంచిరోజులే అని అప్పులు తెచ్చి షెడ్లు వేశారు. నిషేధం ఎత్తేయగానే జనం ఎట్లా వచ్చారో అట్లానే పోయారు. షెడ్లు మిగిలాయి, అప్పులు మిగిలాయి.

10. ఇంగ్లండులోనూ ఇదే కథ నడిచింది, కాకపోతే ఇంకో వైపు నుంచి చూడాలి.

మా అన్న మనవడు అక్కడ చదువుకుంటూ హోటల్లో పనిచేస్తాడు. ఫోన్లో వాడు చెబితే విన్నాను. 1979లో టిమ్ మార్టిన్ అనే అతను లండన్ ఉత్తరాన మస్వెల్ హిల్‌లో ఒక పబ్బు పెట్టాడు. వెదర్‌స్పూన్ అంటారు. ఇప్పుడు ఆ పేరున్న పబ్బులు 800కు దగ్గర్లో ఉన్నాయట. మూతపడ్డ సినిమాహాళ్లు, బ్యాంకులు, పోస్టాఫీసులు తీసుకుని పెద్ద పెద్ద హాళ్లు చేశారు. పెద్దమొత్తంలో సరుకు కొంటారు కాబట్టి బీరు చౌక. పొద్దున్నే టిఫిన్ పెడతారు, కాఫీ పోస్తారు. పాటల మోత ఉండదు. వీధి చివర పబ్బు నడుపుకునే కుటుంబం ఆ ధరకు పోయలేదు. ఆపైన సూపర్ మార్కెట్లో ఇంకా చౌకగా దొరికే బీరు, 2007లో వచ్చిన పొగతాగుడు నిషేధం కూడా తోడై ఎన్నో పబ్బులు మూతపడ్డాయి.

నేను వాణ్ని ఒక ప్రశ్న అడిగాను. "మరి ఆ పెద్ద కొట్లో ఎవరు కూర్చుంటారురా?" అని. "పెన్షన్ తీసుకునే ముసలివాళ్లు తాతా, ఒక్క కాఫీ కప్పుతో పొద్దంతా కూర్చుంటారు, ఎవరూ లేపరు" అన్నాడు. అక్కడ చౌక కంపెనీ చిన్నకొట్ల గిరాకీని తీసుకుంది గానీ, మనుషులు కూర్చునే చోటును పూర్తిగా తీసెయ్యలేదు. మా దగ్గర చౌక సీసా చోటునే తీసేసింది. రోడ్డుపక్కన, చెరువు కట్ట మీద, బండి మీద కూర్చుని తాగే పిల్లలను చూస్తే నాకు కోపం కంటే దిగులే ఎక్కువ వస్తుంది. వాళ్లను "చాలు, లే" అనే మనిషి లేదు.

11. నిలబడ్డవాళ్లు ఏం చేశారో చూసి నేర్చుకో.

కేరళలో మద్యం సీసాలు ఎక్కువగా సర్కారు సంస్థల దుకాణాల్లోనే అమ్ముతారు. అయినా అక్కడి కల్లు షాపులు బతికాయి. చేపల పులుసు, ఉడికించిన కర్రపెండలం తినడానికి కుటుంబాలతో సహా వెళ్తారు. కల్లు తాగనివాళ్లు కూడా వెళ్తారు. గుడాలు, బోటీ వండే మన ఆడవాళ్ల చేతిలో అంతకంటే తక్కువ రుచి లేదు. వాళ్లకు ఒక పొయ్యి, శుభ్రమైన నీళ్లు, కూర్చోవడానికి నీడ కావాలి.

మా దగ్గర ఇప్పటికీ నడుస్తున్న మండువల్లో ఒకే గుణం చూశాను. ఏ చెట్టు కల్లో అడిగితే చెయ్యెత్తి చూపిస్తారు. పొద్దున్న దించింది మధ్యాహ్నానికి అయిపోతే అయిపోయిందని చెబుతారు, ఇంకోటి కలిపి పెంచరు. అయిపోయిందని చెప్పగలిగే కొట్టుమీద జనానికి గురి కుదురుతుంది. పెద్ద కంపెనీ కొట్టు ఎప్పటికీ ఆ మాట చెప్పలేదు. కిరాణా పెట్టుకున్న పిల్లలు దీన్ని తమ పనికి ఎట్లా మలుచుకోవాలో వాళ్లే ఆలోచించుకోవాలి. నాకు తోచింది మటుకు చెబుతాను. పక్క ఊరి రైతు దగ్గర తెల్లారి తెచ్చిన కూరగాయ, ఆ రోజు పట్టించిన నూనె, ఆ రోజు రుబ్బిన పిండి. నిలవ ఉండనివి అమ్ముకోండి, మీ గిరాకీ ఇంటి సంగతి తెలిసి అమ్ముకోండి.

నీరా మీద నాకు ఆశ ఉంది. 2019లో సర్కారు నీరా పాలసీ తెచ్చింది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ తెరిచారు. దానిలో కైపు ఉండదు, పిల్లలూ తాగొచ్చు. కానీ చల్లగా దించి, చల్లగా తెచ్చి, చల్లగా పోయాలి. అడవి అంచున ఉన్న మా సంఘాలకు ఆ చల్లటి పెట్టె లేకపోతే అది పట్నం పానీయంగానే మిగిలిపోతుంది. 2024 జులైలో కాటమయ్య రక్ష పేరుతో చెట్టెక్కేవాళ్లకు రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. అది కూడా ఆలస్యంగానైనా వచ్చిన మంచి పని. చెట్టు మీదినుంచి పడి నడుం విరిగినవాళ్లు లేని ఇల్లు మా కులంలో అరుదు. మా కొడుకులు చెట్టెక్కమంటే ఎక్కకపోవడానికి వైన్స్ ఒక్కటే కారణం కాదు.

అందుకని ఈ కారు మొదలయ్యే ముందు మేం కొందరం ముసలివాళ్లం కలిసి ఒక అర్జీ రాశాం. ఇల్లందు నుంచి భద్రాచలం పోయే యాత్రికులు ఆగే చోట నీరాకు, తాజా కల్లుకు, ఆడవాళ్లు వండే తిండికి కలిపి ఒక షెడ్డు ఇమ్మన్నాం. కల్లు శాంపిలు వారం వారం పరీక్షించి ఫలితాన్ని తలుపు మీద అంటించమన్నాం. ఓపెన్‌కాస్టు కోసం, ప్లాట్ల కోసం కొట్టేసిన తాళ్లకు బదులు చెరువు కట్టల మీద తాటి, ఈత మొక్కలు నాటించి, వాటి కాపలా గీత సంఘానికే రాసివ్వమన్నాం. సాయంత్రం ఎనిమిది దాటాక పోయబోమని, వయసు నిండనివాళ్లకు కల్లు ఇవ్వబోమని, ఇంటివాళ్లు వచ్చి వద్దంటే ఆ మనిషికి పోయబోమని మా వైపు నుంచి మూడు షరతులు రాసిచ్చాం. మూడో షరతు నా భార్య రాయించింది. కలెక్టరేట్‌లో ఇచ్చిన రసీదు సంఘం బీరువాలో ఉంది, ఇల్లందులో దుకాణం పెట్టుకున్న ఏ పిల్లవాడైనా వచ్చి ఆ అర్జీ చదువుకోవచ్చు, నచ్చితే కింద సంతకం పెట్టొచ్చు.